ఇంజన్‌కు రంగు దేనికి? దాచడానికా, కాపాడడానికా?

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం కావాలని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు, చదువు, క్రమశిక్షణ, లక్ష్యసాధన లాంటి విషయాల మీద రాస్తామని అనుకుని ఉంటారు. వాటి మీద ఇదే సంచికలో మాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. మేము మాత్రం కారు ఇంజన్ బ్లాకుకు వేసే రంగు గురించి రాస్తున్నాం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కానీ చివరిదాకా చదివాక కూడా నవ్వు వస్తే అప్పుడు చెప్పండి.

మాది కొల్లేరు పక్కన ఒక లంక గ్రామం. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మాకు నాలుగేళ్లు. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. కాబట్టి ఆ పని చేయక తప్పదని అధికారులు అన్నారు. ఆ తగాదాలోకి ఇప్పుడు వెళ్లం. చెరువుల మీద కూలి చేసుకునే మా నాన్నకు మాత్రం పని పోయింది. తాడేపల్లిగూడెంలో జాతీయ రహదారి పక్కన ఒక మెకానిక్ షెడ్డులో హెల్పరుగా చేరారు. ఇంజన్లు కడగడం, తుప్పు గీకడం, రంగు పూయడం ఆయన పని. ఈ రోజు మేము ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఆ డిగ్రీకి, ఆ షెడ్డులోని రంగు డబ్బాకు సంబంధం ఉందని తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక అంబాసిడర్ కథ

మేము ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు నాన్న, బాబాయి కలిసి ఒక పాత డీజిల్ అంబాసిడర్ కొన్నారు. ఉత్తర్‌పారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి పాతవి తక్కువ ధరకు దొరికేవి. అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసింది. బాబాయి ఊళ్లో వడ్డీకి తెచ్చాడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు బాడుగకు తిప్పుకుందామన్నది ఆలోచన.

బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ వెండి గిన్నెలా మెరుస్తోంది. సిల్వర్ రంగు కొత్తగా పూసి ఉంది. నూనె మరక లేదు, తుప్పు చుక్క లేదు. ఇంజన్ చూసే కొన్నారు. ఇరవై రోజులు తిరిగింది. వేసవిలో ఒక మధ్యాహ్నం కైకలూరు దారిలో ఆవిరి చిమ్ముకుంటూ ఆగిపోయింది. షెడ్డుకు లాగించుకొచ్చి మేస్త్రీ గారు రంగు గీకితే కింద మందంగా లప్పం కనిపించింది. లప్పం ఊడదీస్తే బ్లాకు పక్కన, లోపల నీళ్లు తిరిగే చోట, జానెడు పొడవున వెంట్రుకలాంటి పగులు ఉంది. నీటిగదులను మూసే గుండ్రటి రేకు బిళ్లలు తుప్పు తినేసి జల్లెడలా ఉన్నాయి.

"షెడ్డులో పనిచేసేవాడివి, నీకు కూడా తెలియలేదా అన్నయ్యా?" అని బాబాయి అడిగాడట. నాన్న దగ్గర జవాబు లేదు. కారు చివరకు పాత ఇనుము కింద పోయింది. అప్పు మాత్రం మరో మూడేళ్లు ఉంది. ఆ మూడేళ్లు మేము బడి మానకుండా ఉన్నామంటే అది ఈ హాస్టల్ పెట్టిన అన్నం వల్లే. అందుకే ఆ సంగతి ఇక్కడే రాయాలనిపించింది.

అమ్మినవాళ్లు ఎవరన్నది ఇప్పుడు అనవసరం. ఆ రంగు పూసిన హెల్పరు కూడా మా నాన్నలాంటివాడే అయి ఉంటాడు. యజమాని పూయమన్నాడు, పూశాడు. మా ప్రశ్న వేరు. అసలు ఇంజన్‌కు రంగు ఎందుకు వేస్తారు? ఆ సంగతి కొనేవాడికి, పూసేవాడికి తెలిసి ఉంటే ఈ మోసం ఇంత సులువుగా జరిగేదా?

రంగు చేసే పని

పాత కార్ల బ్లాకులు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. ఇనుముకు గాలి, తడి రెండూ తగిలితే తుప్పు తప్పదు. ఉప్పు తోడైతే మరీ త్వరగా పడుతుంది. మన ప్రాంతం సంగతి వేరే చెప్పాలా? ఒకవైపు కృష్ణ డెల్టా, ఒకవైపు గోదావరి డెల్టా, మధ్యలో కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చిపోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి మోసుకెళుతుంది. వేసవిలో అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. గీకి శుభ్రం చేసిన పోత ఇనుమును రాత్రి వదిలేసి పొద్దున చూస్తే పసుపు పొర కట్టి ఉండడం షెడ్డులో అందరూ చూసేదే. కాబట్టి రంగు మొదటి పని ఇనుమును తడి నుంచి కాపాడడం. అందం ఆ తర్వాతి మాట.

రెండో పని చాలామంది గుర్తించనిది. మంచి రంగు ఇంజన్ జబ్బును చూపించాలి. ఆయిల్ ఎక్కడ కారుతోంది, నీరు ఎక్కడ చెమ్మగిల్లుతోంది, పగులు ఎక్కడ మొదలైంది అనేది లేత బూడిదరంగు మీద ఇట్టే కనబడుతుంది. నల్లరంగు మీద నల్లటి ఆయిల్ కారితే నెలల తరబడి తెలియదు. ఆసుపత్రిలో తెల్లదుప్పటి ఎందుకు వేస్తారో ఇదీ అందుకే అనుకోండి. ఏ రంగైనా లప్పం మీద మందంగా పూస్తే దేన్నయినా దాచేస్తుంది. మా అంబాసిడర్‌కు జరిగింది అదే.

ఏ రంగు వేయాలో కంపెనీలు తమ గుర్తింపు కోసం నిర్ణయించుకుంటాయి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1966 నుంచి తన ఇంజన్లకు నీలం వేసింది. షెవ్రోలే ఇంజన్లు చాలాకాలం ఆరెంజ్ రంగులో వచ్చాయి. పాత కార్లను ముద్దుగా బాగుచేసుకునేవాళ్లు అక్కడ ఆ రంగు ఛాయ కోసం వెతుక్కుంటారు. వాళ్లది సరదా. మనకు కారు బతుకుతెరువు. మనం వెతకాల్సింది ఛాయ కాదు, గుణం.

వేడి లెక్క

"నలుపు వేస్తే వేడి త్వరగా పోతుంది, తెలుపు వేస్తే పోదు" అని షెడ్లలో ఒక మాట ఉంది. ఎండలో నల్లచొక్కా వేడెక్కుతుంది కాబట్టి ఇది నిజమనిపిస్తుంది. కానీ ఇంజన్ వెదజల్లే వేడి కంటికి కనబడే వెలుగు కాదు, పరారుణ కిరణాలు. ఆ కిరణాలకు మామూలు నల్లరంగైనా, తెల్లరంగైనా, ఎరుపైనా దాదాపు ఒకటే. తేడా వచ్చేది సిల్వర్ దగ్గర. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది కాబట్టి అది మిగతా రంగుల్లో సగానికి అటూ ఇటూగా మాత్రమే వేడిని వెదజల్లుతుంది. అంటే మెరుస్తుందని అందరూ అడిగే రంగే వేడి విషయంలో వెనకబడింది!

అయినా దీనికి కంగారు పడక్కర్లేదు. నీటితో చల్లబడే ఇంజన్‌లో ఇంధనం వేడిలో సుమారు మూడోవంతు నీరే మోసుకెళ్లి రేడియేటర్‌లో వదులుతుంది. మరో మూడోవంతు పొగతో పోతుంది. బ్లాకు పైపూత వల్ల పోయేది, ఆగేది చాలా కొంచెం. గాలితో చల్లబడే మోటారు సైకిల్ ఇంజన్ రెక్కల మీద మాత్రం మందంగా రంగు పూస్తే నష్టమే.

అసలు చూడాల్సింది రంగు ఎంత వేడిని తట్టుకుంటుందన్నది. బ్లాకులో నీరు 80 నుంచి 95 డిగ్రీల దాకా ఉంటుంది. తలుపులకు, కిటికీలకు వేసే మామూలు ఎనామిల్ ఆ వేడికి పసుపెక్కి, పెళుసుబారి, పొరలుగా లేస్తుంది. లేచిన పొర కింద తడి చేరి తుప్పు గుట్టుగా తింటుంది. పైకి రంగు ఉన్నట్టే ఉంటుంది, కింద ఇనుము ఉండదు. కాబట్టి ఇంజన్ ఎనామిల్ అని డబ్బా మీద రాసి, కనీసం 150 డిగ్రీలు తట్టుకుంటుందని ఉన్నది కొనాలి. పొగగొట్టం మొదలయ్యే మానిఫోల్డ్ దగ్గర వేడి 400, 500 డిగ్రీలు దాటవచ్చు. అక్కడికి సిలికోన్ కలిసిన వేడిరంగు వేరే ఉంటుంది. ఒకే డబ్బాతో రెండూ పూసేవాళ్లు రెండింటినీ పాడుచేస్తారు.

ఇప్పుడొచ్చే చాలా కార్లలో బ్లాకు అల్యూమినియంది. దానికి ఇనుప తుప్పు పట్టదు. గాలి తగిలి ఏర్పడే సన్నటి పొరే దానికి చాలావరకు కాపుదల. మెరుపు కోసం దానికి రంగు పూయమని అడగడం డబ్బు దండగ.

పూసే ముందు, పూసేటప్పుడు

రంగు ఎంపిక సగం, కడగడం సగం. కిరసనాయిలుతో కడిగి ఊరుకుంటే దాని జిడ్డే మిగులుతుంది. ఆ తర్వాత సబ్బునీటితో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. కాసిని మంచినీళ్లు చల్లి చూడండి. నీరు పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద బొట్లలా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మేము దీన్ని కళాశాలలో చదివి వచ్చి గొప్పగా చెబితే, "అది మాకెప్పుడో తెలుసురా" అన్నారు నాన్న.

తుప్పును వైరు బ్రష్‌తో గీకి, అదే పూట ప్రైమర్ వేసెయ్యాలి. మన గాలి తడికి రేపటిదాకా ఆగదు. రంగు మందంగా ఒక్కసారి కాకుండా పలచగా రెండుసార్లు వేయాలి. ఆరాక ఇంజన్‌ను కాసేపు నడిపి చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం ఎక్కువసేపు నడిపితే రంగు గట్టిపడుతుంది.

పూయకూడని చోట్లు కూడా ఉన్నాయి. హెడ్డు కూర్చునే ముఖం, గాస్కెట్లు పడే చోట్లు, బోల్టు మరలు, బెల్టు పుల్లీల గాళ్లు, గాలి పోయే రంధ్రాలు, ఎర్తు వైరు బిగించే చోటు. ఎర్తు దగ్గర రంగు ఉంటే కరెంటు సరిగా పారదు, సెల్ఫ్ మొరాయిస్తుంది. బ్లాకు లోపలివైపు అసలే వద్దు. అక్కడ ఒక పొర ఊడి ఆయిల్ దారికి అడ్డుపడితే ఇంజన్‌కే ముప్పు. అన్నిటికంటే ముఖ్యంగా ఇంజన్ నంబరు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు ఉంటుంది. దానిమీద లప్పం, రంగు మందంగా ఉంటే ఆ బండి దగ్గర ఆగి ఆలోచించండి. నంబరు చదవనివ్వని రంగు ఏదో చెప్పకుండా దాస్తున్నట్టే.

డబ్బాలో ఏముంది?

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. ఆరెంజ్, పసుపు, కొన్ని ఎరుపు రంగుల్లో నిగ్గు కోసం లెడ్ క్రోమేట్ వాడడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. లెడ్ అంటే సీసం. అది ఒంట్లో చేరితే నరాలకు, రక్తానికి చేటు. పిల్లల మెదడు ఎదుగుదలకు మరీ చేటు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం తెచ్చింది, 2017 నవంబరు నుంచి అమలైంది. మంచిదే. కానీ ఆ నియమం ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు. పరిశ్రమల్లో, వాహనాలకు వాడే రంగులు దాని కిందికి రావు. గోడకు వేసేది మంచిదై, షెడ్డులో మా నాన్న ముక్కులోకి పోయేది మంచిది కాకపోయినా అడిగేవారు లేరన్నమాట.

సీసం అనే మాట ఏలూరుకు కొత్త కాదు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ జబ్బుకు, బండ్ల రంగులకు సంబంధం ఉందని మేము అనడం లేదు. ఆ రోజుల్లో ఊరంతా "సీసం అంటే ఏంటి? ఎక్కడుంటుంది?" అని అడిగింది. నెల తిరిగేసరికి మరిచిపోయింది. పాత రంగును పొడి లేచేలా గీకే హెల్పరు, ఆ చేతులతోనే టీ గ్లాసు పట్టుకునే పన్నెండేళ్ల కుర్రాడు ఆ ప్రశ్నను మరిచిపోకూడదు. మరిచిపోతే గుర్తుచేయాల్సింది మనం.

ఇక్కడ ఒక పొరపాటు కూడా సరిచేయాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అనగానే అది సీసమేనని కొందరు భయపడతారు. దాని ఎరుపు ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చేది. పాతకాలపు రెడ్ లెడ్ ప్రైమర్ వేరు, అది నిజంగా సీసమే. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి కాదు, డబ్బా మీద రాసింది చదివి కొనాలి. చదవడం వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉంటే ఉపయోగం ఇదే కదా.

"ఇవన్నీ కుదిరే పనులా?"

కుదరవనేవాళ్లు ఉన్నారు. ఇంజన్ ఎనామిల్ ఖరీదు, గిరాకీ మెరుపే అడుగుతాడు, పోటీలో పక్క షెడ్డువాడు సిల్వర్ పూసి పంపిస్తాడు, మేం కడుగుతూ కూర్చుంటే పొట్ట గడవదు అంటారు. ఇందులో నిజం ఉంది, కాదనం. కానీ లెక్క చూడండి. ఒక కారు బ్లాకుకు అర లీటరుకు మించి రంగు పట్టదు. తలుపుల ఎనామిల్‌కు, ఇంజన్ ఎనామిల్‌కు ఆ అర లీటరులో వచ్చే తేడా, ఇంజన్ ఒక్కసారి విప్పి బిగించే కూలితో పోలిస్తే లెక్కలోది కాదు. గిరాకీ మెరుపు అడుగుతాడంటే, అతనికి ఇంకోటి అడగడం ఎవరూ నేర్పలేదన్నమాట.

గాలిలోకి రంగు కొట్టేటప్పుడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలనుకోవడం మరో అలవాటు. థిన్నర్ ఆవిరి చేతిరుమాలుకు ఆగదు. దానికి తగిన మాస్కు, గాలి ఆడే చోటు ఇవ్వడం షెడ్డు యజమాని బాధ్యత. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేడ్కర్ ఫొటోకు మనం ఏటా ఏప్రిల్ 14న దండ వేస్తాం. ఆయన చూసిన ఆ శాఖ మన నాన్నల శాఖే. దండతో పాటు మాస్కు గురించి కూడా మాట్లాడితే ఆయనకు ఎక్కువ గౌరవం.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట

మనలో చాలామంది తండ్రులు షెడ్డుల్లో, చెరువుల మీద, రైసు మిల్లుల్లో, రోడ్డు పనుల్లో ఉన్నారు. అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అని అడిగిన చోట "కూలి" అని రాసి గబగబా కిందికి వెళ్లిపోతాం. మేమూ అలాగే రాశాం. కానీ నీరు పరుచుకుందా, బొట్టు కట్టిందా అని చూసి లోహం శుభ్రతను చెప్పే మనిషిని కూలి అనే ఒక్క మాటలో పెట్టడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది. ఆయనకు తెలిసింది మాకు పుస్తకంలో దొరికింది. సీసం సంగతి ఆయనకు తెలియదు, మాకు తెలిసింది. రెండూ ఒకచోట కలవాలి. హాస్టల్ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు రంగు డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి వినిపించండి. అది కూడా చదువే.

అంబాసిడర్ పోయాక నాన్న ఆ షెడ్డులోనే ఇంజన్ పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరైనా పాత బండి తెచ్చి, "అమ్మకానికి పెట్టాలండీ, ఇంజన్‌కు సిల్వర్ కొట్టి ఇవ్వండి" అంటే ఆయన చెప్పేది ఒకటే మాట. "ముందు కడుగుదామండీ. రెండు రోజులు నడిపి ఎక్కడ కారుతుందో చూద్దాం. అది బాగుచేశాకే రంగు." కొందరు సరేనంటారు. కొందరు బండి తిప్పుకుని వేరే షెడ్డుకు పోతారు. పోయిన గిరాకీ వల్ల ఆ రోజు కూలి తగ్గుతుంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనదు. డ్వాక్రా పుస్తకంలో ఆ మూడేళ్ల వాయిదాలు ఆమెకు గుర్తే.

ఇంజన్‌కు రంగు వేయండి. లేతరంగు వేయండి, పలచగా వేయండి, వేడికి ఆగేది, సీసం లేనిది వేయండి. కాపాడడానికి వేయండి, దాచడానికి కాదు. పాత బండి కొనబోయే మిత్రులకు చివరగా ఒక్కమాట. బానెట్ ఎత్తగానే ఇంజన్ మరీ కొత్తగా మెరుస్తుంటే సంతోషపడకండి. జేబులోంచి తాళంచెవి తీసి, యజమానిని అడిగి, ఒక మూల కొంచెం గీకి చూడండి. గీకనివ్వను అంటే, ఆ బండి కొనకుండా ఇంటికి వచ్చేయండి.